సగం మీద నిలిచిన ముల్లు

ఇది నిజంగా జరిగింది. నమ్మకపోయినా నేనేమీ అనుకోను... ఇన్నేళ్లూ అబద్ధం చెప్పినవాడిని.

తొంభైల మొదట్లో నల్లగొండ జిల్లా హాలియాలో నాకు కార్ల వైరింగ్ షాపు ఉండేది. ఖాదర్ కిరాయికి పాత అంబాసిడర్ నడిపేవాడు. ఒకరోజు పెట్రోల్ మీటరు ముల్లు ఊగుతోందని బండి తెచ్చాడు. ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోటు పాడైంది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. నేను మీటరు వెనక చిన్న రెసిస్టెన్సు ముక్క కలిపాను. ఇక తాళం తిప్పితే చాలు, ముల్లు సగం దగ్గర నిలబడుతుంది. ట్యాంకులో ఎంత ఉన్నా సగమే. ఫ్లోటు వచ్చాక మారుద్దామనుకున్నాను. అతనికి మాత్రం చెప్పలేదు.

ఖాదర్ ఎప్పుడూ ట్యాంకులో పుల్ల ముంచి చూసుకునేవాడు. మీటరు అద్దం మీద గోటితో మూడుసార్లు కొట్టేవాడు. అది అతని అలవాటు.

"మీటర్ మంచిగ చేసినంక గీ పుల్లెందుకు భాయ్, పండ్లు తోముకుంటవా?" అంటూ దాన్ని నేనే విరిచి పారేశాను.

"నీ మాట మీద పోతున్న మరి," అన్నాడు నవ్వుతూ.

మూడో రోజు రాత్రి అతని పక్కింటి కోడలికి నొప్పులొచ్చాయి. నల్లగొండ దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలో పెట్రోల్ అయిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఆలస్యమైంది... తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

తెల్లారి బండిని నా షాపుకు లాక్కొచ్చారు. ఎవరూ చూడకుండా ఆ ముక్క తీసేశాను. ముల్లు సున్నా మీద పడింది.

జనం గుమిగూడారు. "రాత్రి సగం చూపెట్టింది. గీ అన్ననడుగుండ్రి," అన్నాడు ఖాదర్.

"మీటర్ సక్కగనే ఉన్నది. ఆయనే చూసుకోలే," అన్నాను.

ఆ తర్వాత అతని బండి ఎవరూ ఎక్కలేదు. రెండేళ్లకు జబ్బు చేసి పోయాడు. అతని భార్య ఫాతిమా కారు అమ్మేసింది.

కొన్నవాడు దాన్ని తాడు కట్టి నా దగ్గరికే లాక్కొచ్చాడు. నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతోందట. ఇగ్నిషన్ వైరు ఎక్కడో తెగి ఉండాలి. పొద్దున్నే పెళ్లికి పోవాలన్నాడు. ఎండాకాలం రాత్రి. కరెంటు లేదు. బ్యాటరీ విప్పి బల్ల మీద పెట్టాను. తాళం నా జేబులో ఉంది. టార్చి నోట కరుచుకుని డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను.

టక్... టక్... టక్.

అద్దం మీద. నా మొహానికి జానెడు పైన.

కదల్లేదు. ఊపిరి కూడా... మళ్లీ అదే. టక్. ఆగింది. టక్. ఆగింది. టక్.

మెల్లగా లేచాను. ఇగ్నిషన్ ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ వెలుగులో ముల్లు... లేస్తోంది. వణక్కుండా, తొందర లేకుండా. సగం దగ్గరికి వచ్చి ఆగింది.

బ్యాటరీ బల్ల మీదే ఉంది. వైర్లు ఊడి వేలాడుతున్నాయి.

ఎందుకు చేశానో తెలియదు... ట్యాంకు మూత తీసి ఒక పుల్ల ముంచాను. పొడిగా వచ్చింది.

"నేనే చేసిన భాయ్," అన్నాను. "పొద్దుగాల అందరికి చెప్త."

లైటు ఆరింది. ముల్లు పడిపోయింది.

పొద్దున తెగిన వైరు దొరికింది. కాస్త పెట్రోల్ పోసి కారు ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న, ఇన్నేళ్లకు, ఫాతిమా ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆ రాత్రి సంగతి తప్ప.

"పోయేముందు గోడ మీద గోరుతోటి కొట్టేటోడన్నా," అంది ఆమె. "మూడు సార్లు... ఆగి, మళ్ల మూడు సార్లు. ఏం చేస్తున్నవంటే, ముల్లు ఇంక సగం మీదనే ఉన్నదా అని చూస్తున్న అన్నడు."

ఆ రాత్రి, పగలంతా ఎండకు కాగిన మీటరు అద్దం చల్లారి చప్పుడు చేసిందేమో. టార్చి వెలుగు అద్దంలో పడి ఎర్రగా కనిపించిందేమో. ఏమో... ముల్లు ఎలా లేచిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.