రోజూ కావాల్సిన రక్తం

మా తమ్ముడు నెవిల్ దెబ్బలు తినడంలో దిట్ట. వారమంతా ఇంగ్లండులోని మా ఊరు బార్న్స్‌లీలో ఇనుప కొలిమి దగ్గర సుత్తి మోత, శని ఆదివారాలు కార్మికుల క్లబ్బుల్లో డ్రమ్ముల మోత. చెవులు చిల్లులు పడేలా వాయిస్తే జనం ఊరుకుంటారా? బీరు గ్లాసులు విసిరేవాళ్లు. పక్క ఊరు రోథరమ్‌లో ఒకడు ఏకంగా స్టూలే విసిరాడు. ముందు పళ్లు ఊడాయి. మావాడు వాటిని ఉమ్మేసి పాట పూర్తి చేశాడు. వ్యాను తోలేది నేను కాబట్టి ఆస్పత్రికి మోసుకెళ్లేదీ నేనే.

డెబ్బై మూడులో లండన్ రికార్డుల కంపెనీ నుంచి రూపర్ట్ అనే పెద్దమనిషి మావాళ్ల బ్యాండు వినడానికి మా క్లబ్బుకి వచ్చాడు. నచ్చితే ఒప్పందం రాసుకుంటాడు.

"అక్కా, ఇది కుదిరిందా, ఇక ఆ కొలిమి మొహం చూడను," అన్నాడు నెవిల్.

మా క్లబ్బుల్లో ఎంతటి పాటగాడైనా బింగో అనే అంకెల పందెం అయ్యేదాకా నోరు మూసుకోవాల్సిందే. అంకెలు చదువుతుంటే దగ్గడానికి కూడా జంకుతారు. బ్యాండువాళ్లు వేదిక మీదే చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎడ్నా క్లెగ్ అనే ముసలామె కార్డు నిండడానికి ఒక్క అంకె మిగిలింది. సరిగ్గా అప్పుడే కంగారులో నెవిల్ కాలు పెద్ద డ్రమ్ము పెడల్ మీద పడి ధన్‌మని మోగింది. చదివిన అంకె ఎడ్నాకు వినపడలేదు. వెనక బల్ల దగ్గరావిడ తన కార్డు నిండిందని "హౌస్" అని అరిచి బహుమతి తన్నుకుపోయింది.

"మా అమ్మ నోటిదాకా వచ్చిన ముద్ద లాగేశావు గదరా," అంటూ ఎడ్నా కొడుకులిద్దరూ వేదికెక్కారు. గనుల్లో బొగ్గు తవ్వే చేతులవి. పెద్దవాడు నెవిల్ జుట్టు పట్టుకుని మొహాన్ని డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళానికేసి బాదాడు. కనుబొమ చీలిపోయింది. చిన్నవాడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. నా తమ్ముడు తిరిగి ఒక్క దెబ్బ వేయలేదు. చేతులు విరిగితే ఒప్పందం పోతుందని రెండింటినీ చంకల్లో దాచుకున్నాడు. నేనూ వేదికెక్కాను. మైకు కడ్డీ లాగి చిన్నవాడి వీపు చితక్కొట్టాను.

"నువ్వు ఆడదానివేనా?" అన్నాడు వాడు.

"ఇంకోటి తిని చెప్పు," అన్నాను.

జనం వచ్చి విడదీశారు. నెవిల్ లేచి, "బింగో అయిపోయినట్టేగా?" అని కర్రలు తీసుకున్నాడు. గంటసేపు వాయించాడు. కొట్టిన ప్రతిసారీ తెల్లటి డ్రమ్ము మీద నెత్తురు చిందింది. ఎప్పుడూ గ్లాసులు విసిరే జనం ఆ రోజు లేచి నిలబడి ఈలలు వేశారు.

కచేరీ అయ్యాక రూపర్ట్ లోపలికొచ్చాడు. "ఒప్పందం ఖాయం. కానీ ఆ రక్తం రోజూ కావాలి. రంగు పూస్తే జనం పట్టేస్తారు," అన్నాడు నవ్వుతూ. వాడి కాలరు పట్టుకున్నాను. పాపిష్టివాడు.

"వదిలెయ్యక్కా," అని నెవిల్ నా చెయ్యి లాగేశాడు. రూపర్ట్‌తో, "అలాగే సార్," అన్నాడు.

తర్వాతి శుక్రవారం షెఫీల్డ్ నగరంలో మొదటి కచేరీ. హాలు కిటకిటలాడుతోంది. తెర వెనక కంపెనీ పంపిన వస్తాదు ఒకడు, నెవిల్‌ని కొట్టి నెత్తురు తెప్పించడానికి వేళ్లకు ఉంగరాలతో సిద్ధంగా ఉన్నాడు. నెవిల్ నన్ను పక్కకు పిలిచాడు.

"వాడొద్దక్కా, కన్ను పోగొడతాడు. నువ్వు కొట్టు. నా గాయాలన్నీ కడిగింది నువ్వేగా, ఎక్కడ కొట్టాలో నీకు తెలుసు."

"నావల్ల కాదురా."

"మళ్లీ కొలిమికి పొమ్మంటావా?"

బయట జనం నెవిల్ పేరు పెట్టి అరుస్తున్నారు. కనుబొమ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాడు చేతులు వెనక్కి కట్టుకుని మొహం ముందుకు పెట్టాడు. పిడికిలి బిగించి ఆ కుట్ల మీదే కొట్టాను.

"థాంక్సక్కా," అని నెత్తురు కారుతుండగానే వేదిక మీదికి పరిగెత్తాడు.