సెడ్రిక్ ఓల్డ్‌రాయిడ్ నడిచి చూసిన మైదానాలు

సెడ్రిక్ ఓల్డ్‌రాయిడ్‌కు సొంత నడక అంటూ ఒకటి లేదు. మనిషన్నాక ఎవరి నడక వాళ్ళకుంటుంది. ఇతను మాత్రం ఊళ్ళో ఎవరిది దొరికితే వాళ్ళది తగిలించుకుని తిరిగేవాడు. సోమవారం పోస్ట్‌మ్యాన్‌లా, మంగళవారం బ్యాంకు మేనేజరులా, ఆదివారం పాస్టరుగారిలా. పాస్టరుగారు వెనకాలే వస్తున్నా సరే మానేవాడు కాదు.

"ఇంటికొచ్చింది మా ఆయనో కాదో అడుగుల చప్పుడు బట్టి చెప్పలేను," అనేది అతని భార్య మాడ్జ్. "మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణి పట్టుకుని, బూట్లు బయట విప్పి ఏడువ్ అని తలుపు వెనక నుంచే తిట్టాను. పాపం, విప్పేశాడు."

మనిషి ఆరడుగుల మూడంగుళాలు. చెక్క బీరువాకు కాళ్ళు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేవాడు. ఒకసారి దగ్గు మందు కోసం డాక్టరు దగ్గరికెళ్ళి, తనకంటే ముందు లోపలికెళ్ళిన రోగి నడకతో గదిలోకి నడిచాడు. డాక్టరు దగ్గు సంగతి వినకుండానే నడుముకు పట్టీ రాసిచ్చాడు. కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని సెడ్రిక్ ఆ పట్టీని రెండు వారాలు పెట్టుకున్నాడు. దగ్గు దానంతటదే పోయింది.

వయసులో ఉండగా మేమిద్దరం స్కెల్‌బరో వీవర్స్ జట్టుకు రగ్బీ లీగ్ ఆడాం. పదమూడు మందిలో అతను ముందు వరసలో ఉండి అందరి కిందా పడేవాడు. నేను మైదానం అంచున నిలబడి, బంతి నా దాకా వస్తుందేమోనని ఎదురుచూస్తూ చలికి వణికేవాణ్ణి. సెడ్రిక్ ఆట మధ్యలో హఠాత్తుగా కుంటడం మొదలుపెట్టేవాడు. పాపం దెబ్బ తగిలిందనుకుని అవతలి జట్టువాడు బంతి పట్టుకుని అతని పక్క నుంచే దూసుకుపోబోయేవాడు. ఆ తర్వాత కుంటడం అవతలివాడి వంతు అయ్యేది.

ఆట మానేశాక నేను క్లబ్బుకు కార్యదర్శినయ్యాను. అంటే ఉత్తరాలు రాయడం, మినిట్స్ పుస్తకం నింపడం, వాన పడితే తిట్లు తినడం. సెడ్రిక్ మాజీ ఆటగాళ్ళ తరఫున కమిటీలో సభ్యుడయ్యాడు.

అప్పటికి మా క్లబ్బుకు ఇల్లు లేదు. తొంభై ఏళ్ళు ఆడిన టెంటర్ లేన్ మైదానం చేతులు మారింది. మా గోల్ పోస్టులున్న చోట ఇప్పుడు గడ్డకట్టించిన చేపలమ్ముతున్నారు. మేం నాలుగేళ్ళుగా పక్క ఊళ్ళో కుక్కల పందేలు జరిగే చోట అద్దెకు ఆడుతున్నాం. ఇంతలో లీగ్ వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. మే నెలాఖరులోగా శాశ్వతమైన సొంత మైదానం చూపించకపోతే మీది ఇక ప్రొఫెషనల్ క్లబ్బు కాదు, పార్కుల్లో ఆడుకోండి అని.

స్థలాలు మూడు తేలాయి. కమిటీలో మేం అయిదుగురం: నేను, సెడ్రిక్, అతనికి నడుము పట్టీ రాసిచ్చిన డాక్టరు, మునిసిపాలిటీ తరఫున ఒకాయన, అధ్యక్షుడు. మా అధ్యక్షుడు లాంబర్ట్ గ్రీన్‌వుడ్‌కు పరుపుల కొట్లుండేవి, పెద్ద కారుండేది. మేమంతా అందులోనే ఇరుక్కుని స్థలాలు చూడ్డానికి బయల్దేరాం. సెడ్రిక్ మాత్రం ఎక్కనన్నాడు.

"నేను బస్సులో వస్తాను. మీరు పదండి."

"కార్లో చోటుందయ్యా," అన్నాడు లాంబర్ట్.

"చోటుంటే మీ పరుపొకటి వేసుకోండి."

మొదటి స్థలం కాలవ గట్టున. మేం వెళ్ళి చూడ్డం అయిపోయింది, బూట్లకు బురద అంటడం అయిపోయింది, సెడ్రిక్ జాడ లేదు. చూస్తే బస్ స్టాపు వైపు నుంచి వస్తున్నాడు. ఇరవై అడుగులు వేస్తాడు. ఆగుతాడు. గోడ మీద చెయ్యి ఆనించి, దానికి రంగు ఎవరు వేశారా అని పరిశీలిస్తున్నట్టు కాసేపు చూస్తాడు. మళ్ళీ ఇరవై అడుగులు. గోడ అయిపోయాక దీపస్తంభాన్ని పరిశీలించాడు.

"ఈయనకేమైంది?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"ఏమీ కాలేదు, ఎవరిదో నడక దొరికింది," అన్నాను నేను.

సెడ్రిక్ వచ్చి చేతి గడియారం చూసుకుని, "పద్నాలుగు నిమిషాలు. పరవాలేదు," అన్నాడు. అక్కడ వానాకాలం మోకాలి లోతు నీళ్ళొస్తాయని తెలిసి ఆ స్థలం మేమే వదిలేశాం.

రెండోది ఊరి నడిబొడ్డున మూతపడిన అద్దకాల మిల్లు ఆవరణ. స్థలం ఇరుకు, కార్లు పెట్టుకోను చోటు లేదు, పైగా నూరేళ్ళ రంగులు నేలలో ఇంకిపోయి ఉన్నాయి. వాన పడిందంటే ఒక మూల నీలం, ఒక మూల వంకాయ రంగు ఊరతాయి. లాంబర్ట్ ఒక గుంటలో కాలు పెట్టి తీస్తే ఎడమ బూటు ఊదారంగుకు తిరిగింది. సెడ్రిక్ ఈసారి బాతులా అటూ ఇటూ ఊగుతూ వచ్చాడు. చేతిలో సంచీ, సంచీలో ఫ్లాస్కు, కూర్చునే దిండు.

"ఏడు నిమిషాలు," అన్నాడు, మొహం వెలిగిపోతూ. "ఇదే మన చోటు."

"నా బూటు చూశావా?" అన్నాడు లాంబర్ట్.

"రెండోది కూడా ముంచండి. జత కుదురుతుంది."

మూడోది మూర్‌టాప్. ఊరి బయట గుట్ట మీద, పెద్ద రహదారి పక్కనే. పన్నెండు వందల కార్లు పట్టే చోటు. చదునైన నేల. లీగ్ వాళ్ళు చూస్తే ముద్దు పెట్టుకునేలా ఉంది. బస్సు మాత్రం గుట్ట కిందే ఆగిపోతుంది.

ఆ రోజు సెడ్రిక్ చేతికర్ర కూడా తెచ్చుకున్నాడు. కుడి మోకాలు వంచకుండా, కాలిని పక్కనుంచి తిప్పి తిప్పి వేస్తూ, ప్రతి అడుక్కీ ఒకసారి పళ్ళు బిగిస్తూ గుట్ట ఎక్కుతున్నాడు. మేం పైనుంచి చూసి పొట్టలు పట్టుకుని నవ్వాం. వేడి వేడి మాంసం పైలు తెచ్చుకున్నాం, మావి తిన్నాం, చల్లారిపోతుందని అతనిది కూడా తిన్నాం.

వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. "నలభై ఒక్క నిమిషాలు," అన్నాడు. "ఇది వద్దు."

"కార్లో మూడు నిమిషాలు," అన్నాడు లాంబర్ట్.

"నేను కార్లో రాలేదు."

"అలా నడిస్తే మా కొట్టుకెళ్ళడానికి కూడా నలభై నిమిషాలు పడుతుంది. ఎందుకలా నడిచావో చెప్పు మరి."

"నా మాంసం పై ఏదీ?" అని అడిగాడు సెడ్రిక్. మినిట్స్ పుస్తకంలో నేను ఇలా రాశాను: "శ్రీ ఓల్డ్‌రాయిడ్ గారు కుంటుతూ వచ్చి అభ్యంతరం తెలిపారు. కారణం చెప్పలేదు." ఆ వాక్యం రాసి నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

ఓటింగు ముందు రోజు సెడ్రిక్ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "కీత్, రేపు పొద్దున నాతో మూర్‌టాప్ దాకా ఒకసారి నడుస్తావా?" అన్నాడు.

"ఎవరి నడకతో?" అన్నాను.

అతనూ నవ్వాడు. మళ్ళీ అడగలేదు.

మర్నాడు అద్దకాల మిల్లుకు సెడ్రిక్, డాక్టరు చేతులెత్తారు. మూర్‌టాప్‌కు లాంబర్ట్, మునిసిపాలిటీ తరఫున వచ్చినాయన ఎత్తారు. మిగిలింది నేను. లీగ్ నిబంధనలున్నాయి, కార్ల సంగతుంది, రంగుల గుంటలున్నాయి, నిజమే. కానీ అసలు సంగతి చెప్పాలంటే, అంతసేపు చూసి నవ్వుకున్న మనిషి మాటకు ఓటెయ్యడం నాకు చేతకాలేదు. మూర్‌టాప్‌కు చెయ్యెత్తాను. మా క్లబ్బు నిలబడింది. అందరూ నన్ను అభినందించారు. సెడ్రిక్ కూడా, లాంబర్ట్ నడకతో వచ్చి మరీ.

ఏడాదిన్నరకు కొత్త మైదానం తెరిచాం. బ్యాండు, జెండాలు, కొత్త పెయింటు వాసన. నేను గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకు స్వాగతం చెబుతున్నాను. కార్లు బారులు తీరి వస్తున్నాయి. గుట్ట కింద బస్సు ఆగింది. కుడికాలు పక్కనుంచి తిప్పి తిప్పి వేస్తూ, కర్ర పట్టుకుని ఒక ఆకారం ఎక్కుతూ కనిపించింది.

"వీడు ఇవాళ కూడా మానలేదురా," అనుకుని నవ్వుతూ చెయ్యి ఊపాను.

దగ్గరికొచ్చేసరికి అది సెడ్రిక్ కాదు. హిల్డా బ్రాడ్‌బెంట్. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. టెంటర్ లేన్‌లో యాభై రెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని, నేను బంతి వదిలేసినప్పుడల్లా నన్ను పేరు పెట్టి తిట్టిన మనిషి. ఆమె వెనక ఇరవై అడుగులకోసారి ఆగుతూ గోడలు లేక గాలినే పరిశీలిస్తున్న విల్ఫ్ అకరాయిడ్. బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాడు. ఆ వెనక సంచీలో ఫ్లాస్కు, దిండు పెట్టుకుని బాతులా ఊగుతూ పెర్సీ టాటర్సల్. ఇంకో ఎనిమిది మంది. కూర్చునేసరికి ఆటలో సగం అయిపోయింది.

"బాగా కట్టారు," అంది హిల్డా, ఊపిరి అందాక. "ఎత్తుగా కట్టారు."

రెండో ఆటకు వాళ్ళు రాలేదు.

నేను సెడ్రిక్‌ను పట్టుకున్నాను. "చెప్పొచ్చు కదరా. ఒక్క ముక్క చెబితే ఏం పోయేది?"

"ఏమని చెప్పను? హిల్డా మోకాలు వంగదని, విల్ఫ్‌కు ఊపిరాడదని సభలో చెప్పనా? నువ్వు మినిట్స్‌లో రాస్తావు, లాంబర్ట్ పైకి చదువుతాడు. తన మోకాలు రికార్డుకెక్కిందని తెలిస్తే హిల్డా నన్ను బతకనిస్తుందా?" అన్నాడు. "నడిచి చూపిస్తే మీకే తెలుస్తుందనుకున్నాను."

ఇంటికెళ్ళి కలం తీశాను. బస్సు కంపెనీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. పదకొండు రాశాను. మూడో ఏట ముప్ఫై ఎనిమిదో నంబరు బస్సు గుట్ట మీదికి ఎక్కింది. అప్పటికి విల్ఫ్ లేడు. ఆ బస్సు గేటు ముందు ఆగిన ప్రతిసారీ, దిగేవాళ్ళలో అతని కోసం వెతుకుతాను. అలవాటు.

కానీ ఆ మొదటి ఏడాది సంగతి ఇంకొకటుంది. మూడో ఆట నుంచి సెడ్రిక్ కూడా మైదానానికి రావడం మానేశాడు. అలిగాడనుకున్నాను. మాడ్జ్ మాత్రం ప్రతి ఆటకూ వచ్చేది. వచ్చి, స్టాండు కింద పైల కొట్టు పక్కనున్న ఫోను పట్టుకుని, ఆట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా వదిలేది కాదు. వాళ్ళ చెల్లెలితో కబుర్లనుకుని, ఒక ఆదివారం ఆట మొదలవబోతుండగా అడిగాను.

"మీ ఆయనెక్కడ?"

ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఇదిగో, ఇందులో ఉన్నాడు," అంది. "పాస్టరుగారి చాపెల్ హాల్లో. నువ్వు కాస్త పక్కకు జరుగు, మన జట్టు కనిపించట్లేదు."

ఆటను వదిలేసి గుట్ట దిగాను.

హాల్లో కుర్చీలు వరసలుగా వేసున్నాయి. టెంటర్ లేన్‌లో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో అక్కడే కూర్చున్నారు, పదకొండు మందీ. వేదిక మీద ఫోను చెవికి ఆనించుకుని, పొడవాటి తీగ ఈడ్చుకుంటూ సెడ్రిక్ ఆడుతున్నాడు. చెబుతున్నాడనుకునేరు, ఆడుతున్నాడు. మా రెండో నంబరు కుర్రాడిలా ఎడమ భుజం వాల్చి పరుగెత్తాడు. అవతలి జట్టు కెప్టెన్‌లా నడుం మీద చేతులు పెట్టుకుని గొణిగాడు. పేర్లు చెప్పాల్సిన పనే లేదు.

"అదిగో, రెండో నంబరు. బంతి వదిలేస్తాడు చూడు," అంది హిల్డా. నిజంగానే వదిలేశాడు. "అచ్చం కీత్ లాగే."

"ఇక్కడే ఉన్నానండీ," అన్నాను.

"ఉంటే కూర్చో. అసలే ముందు పెర్సీ టోపీతో చస్తున్నాను."

"ఈ టోపీ నలభై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉంది," అన్నాడు పెర్సీ, వెనక్కి తిరక్కుండా.

"అందుకే నలభై ఏళ్ళ నుంచి అడుగుతున్నాను."

విల్ఫ్ తన పక్క కుర్చీ మీది కోటు తీసి నాకు చోటిచ్చాడు. హిల్డా వెనక నుంచి పిప్పరమెంట్ల పొట్లం అందించింది. ఆఖరి నిమిషంలో మా కుర్రాడు గీత దాటి బంతి నేలకు ఆనించాడు. హాలంతా లేచింది. గెలిచేశాం అనుకుంటుండగా సెడ్రిక్ మొహం మారింది. ఫోనులో ఏదో విని, బొమ్మలా బిగుసుకుని, ముక్కు పైకెత్తి రిఫరీ అయిపోయాడు. తల అడ్డంగా ఊపాడు. చెల్లదట. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

"గుడ్డోడా," అన్నాడు విల్ఫ్, ఉన్న ఊపిరంతా పెట్టి.

సెడ్రిక్ ఆ తిట్లన్నీ పడుతూ, రిఫరీ నడకతోనే హుందాగా వేదిక దిగుతున్నాడు. ఎవరో విసిరిన పిప్పరమెంటు వెళ్ళి అతని నడినెత్తికి తగిలింది.

విసిరింది నేనే.