ఆపరేషన్ గది తలుపు దగ్గర ఒప్పుకున్న మాట

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. నేను తిరుత్తణిలో పుట్టి తిరువళ్ళూరులో కాపురం ఉంటున్న మేరీని. పోయిన సంవత్సరం నా మాటే నా బిడ్డను చావు దాకా తీసుకెళ్ళింది, దేవుడు దయతో ఆమెను తిరిగి ఇచ్చాడు, అది చెప్పాలనే మీ ముందు నిలబడ్డాను.

నా కూతురు ఎస్తేరు కంపెనీ బస్సు దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ రోజు ఉదయం మత్తు డాక్టరు వచ్చి, మీ రక్తసంబంధుల్లో ఎవరికైనా మత్తుమందు పడక ఇబ్బంది అయిందా అని అడిగారు. అయింది! నా తమ్ముడు పదహారేళ్ళప్పుడు చిన్న ఆపరేషన్‌కు వెళ్ళి, మత్తులోనే కట్టెలా బిగుసుకుపోయి, ఒళ్ళు పెనంలా కాలిపోతూ ప్రాణం విడిచాడు. అయినా నేను ఎవరికీ లేదన్నాను. మనలో ఒక అలవాటుంది కదా, ఆపరేషన్ ముందు చావు మాట ఎత్తితే అవిశ్వాసమని, నోటితో జయమే ఒప్పుకోవాలని. అలాగే జయం, జయం అంటూ బిడ్డను లోపలికి పంపాను.

బయట బల్ల పక్కన మోకరించి, "ప్రభువా, డాక్టరు చేతులను నడిపించు" అని మొదలుపెట్టాను, రెండో మాట రాలేదు. డాక్టరుకు తెలియాల్సిన సంగతి నేనే దాచిపెట్టి, ఆయన్ని నడిపించమని దేవుణ్ణి అడుగుతున్నానే అని గుండె గుచ్చుకుంది. లేచి వెళ్ళి తలుపు కొట్టాను. నర్సు తొంగి చూసింది.

"సిస్టర్, మా తమ్ముడు మత్తులోనే చచ్చిపోయినాడు. నేను లేదని అబద్ధం చెప్పినాను. డాక్టరయ్యకు చెప్పు."

తర్వాత డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి నిదానంగా వివరించారు. అప్పటికే ఎస్తేరు దవడ బిగుసుకుందట, గుండె పరుగెత్తుతోందట, మిషన్ ఎంత ఊపిరి ఆడించినా, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడు పెరిగిపోతోందట. ఒళ్ళు మాత్రం ఇంకా కాలలేదు. వేడి చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది, దానికోసం కాచుకుంటే చేయి దాటిపోతుందన్నారు. మత్తు చాలలేదేమోనని ఆయన ఆలోచిస్తుండగా నా కబురు అందింది, వెంటనే ఆ మత్తు వాయువు ఆపి విరుగుడు మందు ఎక్కించారు. మూడో రోజు బిడ్డ కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగింది. దేవునికే మహిమ!

ఇది రక్తంలో వచ్చే గుణమట. తిరుత్తణికి వెళ్ళి మా అమ్మకు చెప్పాను. ఇన్నేళ్ళూ ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, ఆ రోజు నా చేయి పట్టుకుని అడిగింది.

"అట్లయితే వాడు పోయింది నా ప్రార్థన తక్కువై కాదా పాపా?"

కాదమ్మా అన్నాను. ఆమె చాలాసేపు ఏడ్చింది, ఆ ఆదివారం గుడిలో తలెత్తి కూర్చుంది.

ప్రియులారా, ప్రార్థన చేయండి, డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనం నిజం చెబితే చిన్నబోయే దేవుడు కాడు మన దేవుడు. ఆయన్ని నమ్మండి.