మందు మరిచిన బర్మార్

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో కుంకుడు రసం దగ్గర లొల్లి తప్పేది కాదు. పొద్దున్నంతా పాల పని కాబట్టి ఆడవాళ్ల తలస్నానాలు మధ్యాహ్నం దాటాకే. అమ్మ నా కోసం తీసిపెట్టిన రసంలో సగం, నేను తువ్వాల వెతుక్కునేలోపు మాయమయ్యేది. ఎక్కడికి పోయిందో వెతకనక్కర్లేదు. వాకిట్లో బాపు పీట వేసుకుని కూర్చుని దాన్ని వేడినీళ్లలో కలిపి తుపాకి గొట్టంలోకి పోస్తూ ఉండేవాడు. ఇంట్లో ఆడపిల్ల తల ముఖ్యమా, తుపాకి కడుపు ముఖ్యమా అని నేను గయ్యిమనేదాన్ని. నీ తల రేపు అంటుకున్నా ఏం కాదు, దీన్ని ఇవాళ కడగకపోతే పొద్దుటికల్లా లోపల తుప్పు పడుతుందని బాపు నింపాదిగా చెప్పేవాడు. ఆ నింపాదికే నాకు ఇంకా ఒళ్లు మండేది.

బర్మార్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అది తూటాలు పెట్టి కాల్చే తుపాకి కాదు. మూతి వైపు నుంచి మందు పోయాలి. దాని మీద నూనె గుడ్డలో చుట్టిన సీసపు గుండు పెట్టి, పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. చివరికి వెనకవైపు ఉండే ఇనుప మొన మీద చిన్న రాగి టోపీ తొడగాలి. ఘోడా అనే చిన్న సుత్తి వచ్చి ఆ టోపీ మీద పడితే, నిప్పు లోపలికి దూరి మందు అంటుకుంటుంది. ఒక్క దెబ్బకు ఇంత చాకిరీ. ఈ చాకిరీ కోసమే మా బాపు వారమంతా ఎదురుచూసేవాడంటే నమ్మండి.

మేము పాలవాళ్లం. హుస్సేనీ ఆలంలో ఇల్లు, ఇంటి వెనకే కొట్టం, కొట్టంలో బర్రెలు. బర్మార్ మా తాతది. ఆయన ఏదో నవాబు దేవిడీలో పహరా కాసిన రోజుల్లో చేతికొచ్చిందట. ఆయన తర్వాత లైసెన్సు బాపు పేరు మీదికి మారింది. బాపు మందు దాచుకునే కొమ్ము మా కొట్టంలోనే ముసలిదై చచ్చిపోయిన బర్రెది. గుండుకు చుట్టే గుడ్డలు అమ్మ పాత చీరలవి. చీర కాస్త చిరిగితే చాలు కత్తెర పట్టుకుని తయారవుతాడని అమ్మ సణిగేది గాని, మెత్తబడిన నూలు ముక్కలన్నీ ఏరి ఒక మూటలో దాచిపెట్టేది కూడా ఆమే.

వేట అనుకునేరు. బాపు ఒక్క పిట్టను కొట్టగా కూడా నేను చూడలేదు. డెబ్బయ్యో దశకంలో సంతోష్‌నగర్ దాటితే అంతా బండలూ తుమ్మచెట్లూ. అక్కడ రాళ్లు తవ్వి వదిలేసిన గుంత ఒకటి ఉండేది. దాని చివర మట్టికట్ట మీద మట్టి గురుగులు నిలబెట్టి గురి చూసేవాళ్లు. ఆ గుంత చాచా బంధువులది. చాచా అంటే మా గల్లీలో తాళాలు, గడియారాలు బాగుచేసే ఆయన, బాపుకు లాగు తొడుక్కున్నప్పటి దోస్తు. వీళ్లిద్దరూ కాక ఇంకో నలుగురైదుగురు వచ్చేవాళ్లు. అందరివీ తాతల నాటి బర్మార్లే.

వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి తుపాకి వాళ్లే నింపుకోవాలి. ఒకే గొట్టంలో ఇద్దరి చేతులు పడితే ఎవరు ఏం పోశారో తెలియక రెండింతలు పడొచ్చు, గొట్టం పగిలి మొహం మీదికి రావచ్చు. అందుకని ఎంత దోస్తయినా పక్కవాడి కొమ్ము ముట్టుకోడు. దీని అర్థం ఇంకోటి కూడా ఉంది. నింపుకోలేనివాడు ఆ గుంతకు రాకూడదు.

నేను పెళ్లయి సంతోష్‌నగర్‌కు వచ్చాక బాపు కుడిచేతికి వణుకు పట్టుకుంది. మొదట పాలు పోసేటప్పుడు గిన్నె అంచు మీద పడేవి, తర్వాత నేల మీద. దవాఖానాలో ఇచ్చిన గోలీలు ఏమీ చేయలేదు. ఒకరోజు మా అన్న బాపు చేతిలోంచి పాల కొలత తీసుకున్నాడట. బాపు పోయి బర్రెలు కడిగాడట. ఆ రోజు నుంచి అమ్మ ఆయనకు చాయ్ సగం గ్లాసే ఇచ్చేది. నిండుగా ఇస్తే ఒలుకుతుంది, ఒలికితే ఆయన మొహం చూడలేం. వణికే చేతిని తువ్వాల కింద పెట్టుకుని సగం గ్లాసు చాయ్ ఎడమచేత్తో తాగుతున్న బాపును చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీద అంటే ఏం చెప్పను? ఆ రోజు వంటింట్లో గిన్నెల మీద చూపించాను.

ఇది జరిగిన కొన్నాళ్లకు అమ్మ మా ఇంటికి వచ్చింది. వచ్చి కూర్చుని, నా పిల్లను ఒళ్లో వేసుకుని, చాలాసేపు వేరే సంగతులే మాట్లాడింది. చివరికి లేవబోతూ అసలు సంగతి చెప్పింది.

“మీ బాపు బర్మార్ చాచాకు ఇచ్చేస్తడంట. గీ ఆదివారమే ఆఖరంట. మందు పోస్తుంటె సగం చెప్పుల మీదనే పడుతున్నదంట. నలుగుర్ల ఇజ్జత్ పోవుడు నాతోని కాదంటున్నడు.”

పాల పని పోయింది. ఇప్పుడు బర్మార్ కూడా పోతే బాపు చేతుల్లో ఇంకేం మిగులుతుంది? బర్రెల తోకలా? ఆదివారం పొద్దున్నే పిల్లను మా అత్తగారి దగ్గర వదిలి, గుంతకు నేనూ వస్తున్నానని బాపుకు చెప్పాను. చిన్నప్పుడు నా ముందు ఎన్నిసార్లో నింపాడు కాబట్టి ఆ పని నాకు కొత్త కాదు. బాపు వద్దనలేదు, రమ్మనలేదు. చాచా తన వెంట ఒక ఖాకీ గిలాఫు తెచ్చుకున్నాడు, బర్మార్‌ను అందులో పెట్టి ఇంటికి తీసుకుపోవడానికి. ఆ గిలాఫు వైపు చూడకుండా ముందు నడిచాను.

బాపు వంతు వచ్చింది. ఆయన కొమ్ము భుజం మీంచి తీయబోతుంటే చెయ్యి దడదడలాడింది. నేను వెళ్లి కొమ్మును నా భుజానికి తగిలించుకుని, నేను నింపుతానని చెప్పాను.  దబీర్‌పురా నుంచి వచ్చే రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, మామా అని పిలిచేదాన్ని. ఆయన, పెళ్లాం కట్టిచ్చిన అన్నం డబ్బా విప్పి తింటూ, ఒకరి తుపాకి ఇంకొకరు నింపేది ఎప్పుడూ లేదు, అందులో ఆడపిల్ల నింపుడేందని అందుకున్నాడు. నేనూరుకుంటానా?

“అత్త కట్టిన డబ్బ తినుకుంటనే మాట్లాడుతున్నవ్ గద మామా. ఆడోళ్లు నింపితె అది కడుపులకు దిగుతలేదా?”

అందరూ నవ్వారు, ఆయనకు ఇంకా ఉడుకెక్కింది. మాటా మాటా పెరిగింది. బాపు మాత్రం నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు చాచా గిలాఫు చంకలో పెట్టుకుని ముందుకొచ్చి ఒకే మాట అన్నాడు.

“బేటీ భరే సో, బాప్ భరే సో, ఏకిచ్ హై.”

కూతురు నింపినా తండ్రి నింపినా ఒకటేనని చాచా అన్నాక ఇంకెవరూ నోరెత్తలేదు, మామ తప్ప. ఆయన గొణుగుతూనే ఉన్నాడు, నేను జవాబు ఇస్తూనే నింపుతున్నాను. గుడ్డ పరిచాను, గుండు పెట్టాను, కడ్డీతో దట్టించాను. గుండు సరిగ్గా కూర్చుంటే కడ్డీకి కట్టిన ఎర్రదారం గొట్టం మూతి దగ్గర ఆగాలి. అది లోపలికి మునిగిపోయింది. కళ్లు చూశాయి గాని బుర్రకెక్కలేదు. మామకు ఏం జవాబు చెప్పాలా అన్న ధ్యాసలో ఉన్నాను.

బాపు ఇసుక మూట మీద గొట్టం ఆనించి, తుపాకి వెనక కర్రను భుజానికి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. బరువు పడితే ఆ చెయ్యి కాసేపు కుదురుకునేది. ఘోడా పడింది. టప్‌మని టోపీ ఒక్కటే పేలింది. ఆలస్యంగా పేలొచ్చని బాపు గొట్టాన్ని కట్ట వైపే ఉంచి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. ఇంకో టోపీ పెట్టాడు. మళ్లీ టప్. అప్పుడు లేచి, కడ్డీని మూతిలోంచి మెల్లగా దించి, మునిగిపోయిన దారం చూశాడు.

“బిడ్డా, మందు పోసినవా?”

నా భుజానికి కొమ్ము నిండుగా వేలాడుతోంది. దాని బిరడా కూడా తీయలేదు. మామ మొహంలో ఎన్ని దీపాలు వెలిగాయో చెప్పలేను. నాకు ఆ గుంతలోనే పూడిపోవాలనిపించింది. బాపు ఇజ్జత్ నిలబెట్టడానికి వచ్చి, మిగిలిన కాస్తా తీసేశాను.

మందు లేకుండా దిగిన గుండు మూతిలోంచి తిరిగి రాదు. వెనకనున్న మొన విప్పి, ఆ సన్నటి బెజ్జంలోంచి కొంచెం కొంచెంగా మందు లోపలికి పంపి పేల్చాలి. చాచా సంచీలోంచి పనిముట్టు తీసి మొన విప్పాడు. గడియారాలు బాగుచేసే చెయ్యి ఆయనది, నిలకడకు పెట్టింది పేరు. సిగరెట్ పెట్టె కాగితం మడిచి, మందు వేసి బెజ్జం మీద వంచాడు. మందు కాగితం అంచున కుప్పగా నిలిచిపోయింది. వేలితో తట్టాడు. కుప్ప మొత్తం ఒకేసారి జారి నేలపాలైంది. మళ్లీ వేశాడు, మళ్లీ అదే కథ. ఎండ ఎక్కుతోంది. 

బాపు గుంతలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, తుపాకిని ఒళ్లో పెట్టుకుని, కాగితం ఇవ్వమని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అందరి ముందూ వణుకుతూనే ఉంది. చాచా ఒక్క క్షణం ఆగి ఇచ్చాడు. బాపు మణికట్టును తుపాకి కర్రకు ఆనించి కాగితాన్ని వంచాడు. వణుకుకు కాగితం సన్నగా అదిరింది, మందు పలుకు వెనక పలుకు బెజ్జంలోకి రాలసాగింది. జల్లెడలోంచి పిండి రాలినట్టు, ఆగకుండా, ఒక్క పలుకు పక్కన పడకుండా. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మామ కూడా దగ్గరికొచ్చి వంగి చూశాడు. కాగితం ఖాళీ అయ్యాక బాపు తన చేతిని తువ్వాల కింద దాచుకోలేదు. ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“గీ వణుకు గిట్ల గూడ పనికొస్తదా!”

చాచా మొన బిగిస్తూ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కళ్లు తడిసిన సంగతి నేను చూశానని ఆయనకు తెలియదు.

టోపీల దెబ్బకు కాస్త కదిలిన గుండును బాపు కడ్డీతో మళ్లీ అడుగుకు నొక్కి, టోపీ పెట్టి కాల్చాడు. భుస్సుమని పొగ వచ్చింది. గుండు బయటికైతే వచ్చింది గాని, పాపం గురుగుల దాకా కూడా పోలేక కట్ట ముందే నేలలో దిగబడింది. మొదట నవ్వింది బాపే. పాల కొలత చేతిలోంచి పోయాక ఆయన పళ్లు కనపడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

“మళ్ల నింపు బిడ్డా. గీసారి మందు పొయ్యి.”

పోశాను. మామ ఏదో అనబోతే చాచా ఆయన వైపు ఒక చూపు చూశాడు, అంతే. ఇసుక మూట కాస్త జారిందని చాచా చంకలోని గిలాఫు తీసి, మడతపెట్టి, బాపు తుపాకి గొట్టం కింద ఎత్తుగా పెట్టాడు. గురిగి పగిలిందా అని అడుగుతారు. పగల్లేదు. పక్కన మట్టి లేచింది. అయినా వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలని చాచా అడిగితే, ఎప్పటిలాగే పాలు పంచడం అయిపోయాక అని బాపు జవాబిచ్చాడు.

ఆ మధ్యాహ్నం నేను హుస్సేనీ ఆలంకే పోయాను. కుంకుడు రసం మొత్తం బాపుకే ఇచ్చాను, లొల్లి చేయలేదు. గొట్టం నేను పట్టుకుంటే ఆయన నీళ్లు పోశాడు. నల్లటి నీళ్లు వాకిలంతా పారి, చివరికి తెల్లగా వచ్చాయి. అమ్మ చాయ్ తెచ్చింది, అలవాటు ప్రకారం సగం గ్లాసు. బాపు గ్లాసులోకి చూసి తిరిగి చాపాడు.

“నిండ పొయ్యి.”

అమ్మ నా వైపు చూసింది, నేను తలూపాను. ఆమె అంచు దాకా పోసింది. బాపు కుడిచేత్తో అందుకున్నాడు. చాయ్ వేళ్ల మీద పడింది, ధోతి మీద పడింది, గచ్చు మీద పడింది. మిగిలింది ఆయన తీరిగ్గా తాగాడు. అమ్మ గుండుగుడ్డల మూటలోంచి ఒక చీర ముక్క తీసి నేల తుడిచి, ఖాళీ గ్లాసును మళ్లీ అంచు దాకా నింపి ఆయన చేతిలో పెట్టింది.