తండ్రి వేషం

“—నవ్వుతారు మాస్టారూ, చావు సీనులో కూడా నవ్వుతారు! అతను స్టేజీ ఎక్కితే చాలు, జనం నవ్వడానికి రెడీగా ఉంటారు.”

“నువ్వు మరీ చెబుతావు మురళీ. వేషం మారితే జనమూ మారతారు.”

“మారరండీ. ఆయన మనిషి మంచోడే, కాదన్నానా?”

మెట్ల మీద చెప్పులు విడుస్తున్న సీతారాములుకు ఈ మాటలన్నీ వినిపించాయి. బాధేమీ కలగలేదు. పైగా లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఇన్నేళ్లుగా జనాన్ని అంతగా నవ్వించాననే కదా ఆ పిల్లాడి భయం!

హైదరాబాదులో మన్సూరాబాద్ దారిలో ఇనుప సామాన్ల దుకాణం పైన ఉండే ఆ హాలు పేరు మిత్ర కళానిలయం. పొద్దున ఆడపిల్లలకు కూచిపూడి, సాయంత్రం హార్మోనియం, సెలవు రోజుల్లో నాటకం. వినాయకుడి పందిట్లో కార్యక్రమం కావాలన్నా, కాలనీలో ఎవరైనా పోతే సంతాపసభ పెట్టాలన్నా అక్కడికే రావాలి. బతుకమ్మ పాటలు కలిసి పాడి చూసుకునేందుకు ఆడవాళ్లు కూడా అక్కడే చేరేవారు. నల్లగొండ వాళ్లూ గుంటూరు వాళ్లూ ఒకే జంపఖానా మీద కూర్చునే చోటు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

సీతారాములు ఆర్టీసీలో కండక్టరు. చిట్యాల దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికని వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం డ్యూటీ దిగి వెళుతూ పై నుంచి వస్తున్న డైలాగులు విని మెట్లెక్కాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి “ఎవరయ్యా?” అన్నారు సాంబమూర్తి మాస్టారు. ఆయన తెనాలి వైపు వారు. బ్యాంకులో పనిచేస్తూనే ఆ హాలును నిలబెట్టారు.

“ఏం లేదు సార్, జర సూద్దామని ఒచ్చిన,” అన్నాడు సీతారాములు.

హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు చప్పట్లు కొట్టి, “దొరికాడర్రా మన నౌకరు!” అన్నారు.

అప్పటి నుంచి నాటకం ఏదైనా నౌకరు అతనే. ఒకసారి యాదగిరి, ఒకసారి మల్లేశు. అతని డైలాగులు ఎవరూ రాసేవారు కాదు. “నీ భాషలో నువ్వు కానిచ్చెయ్,” అనేవారు మాస్టారు. అతను నోరు తెరిస్తే చప్పట్లు, ఈలలు. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో టికెట్టు కొడుతుంటే కూడా, “ఏం మల్లేశూ!” అని పలకరించేవాళ్లుండేవారు. అది తన నటనలోని గొప్పతనమనే అతను నమ్మాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. సీతారాములు పగలంతా డిపో ముందు సమ్మె టెంటులో కూర్చుని, సాయంత్రం కాగానే నడుచుకుంటూ హాలుకు వచ్చేవాడు. ఎప్పుడూ తండ్రి వేషం వేసే వెంకట్రావు, గొడవలు చల్లారేదాకా అంటూ విజయవాడ వెళ్లిపోయాడు. నాటకం ఆదివారమే. మాస్టారు సీతారాములు భుజం మీద చెయ్యి వేసి, “తండ్రివి నువ్వేనయ్యా,” అన్నారు. ఆ మాట కోసం అతను ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాడో ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు.

ఇంట్లో కాగితాలు ముందేసుకుని గట్టిగా చదివాడు. “నా బిడ్డ పోయాడు! నా బిడ్డ ఇక లేడు!”

వంటింట్లోంచి భార్య కిష్టమ్మ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. “నోట్ల మన్నువడ! బిడ్డను ముంగట కూసోవెట్టుకోని గదేం మాట?”

“గది నాటకమే...”

“ఏదైతేంది? గీ ఇంట్ల గా మాట అనకు.”

ఎదురుగా కూర్చుని చదువుకుంటున్న కూతురు గీత పకపకా నవ్వింది. “నాయినా, మీ సారోళ్లకు బిడ్డంటే కొడుకు గూడ అయితడే. అమ్మకు జెప్పు.”

మెట్ల మీద మురళి మాటలు విన్నది ఆ సాయంత్రమే. లోపలికి రాగానే రిహార్సల్ మొదలైంది. నాటకంలో కొడుకు చనిపోగా దవాఖాన నుంచి తండ్రి తిరిగి వస్తాడు. తల్లి వేషంలో ఉన్న విజయదుర్గ ఎదురొచ్చి, “ఏమైందండీ? వాడెలా ఉన్నాడు?” అంది.

సీతారాములు నోరు తెరిచాడు. “నా...” అన్నాడు. బిడ్డ అనాలి. ఇంట్లో తన ఎదురుగా పుస్తకం పట్టుకుని కూర్చున్న గీత కళ్లలో మెదిలింది. నాలుక తిరగలేదు. గొంతులోంచి తనంతట తానే ఇంకో మాట వచ్చింది.

“నా పోరడు... నా పోరడు సచ్చిపోయిండే.”

 హాలంతా నవ్వు. మొదట నవ్వింది మాస్టారే. విజయదుర్గ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. హార్మోనియం పెట్టె దగ్గరున్నాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నవ్వనిది, ఇలా అవుతుందని ముందే అన్న మురళీకృష్ణ ఒక్కడే. అతను నేల చూస్తున్నాడు.

 ఇంతలో సీతారాములుకు తన ముఖం తనకే తెలిసింది. నవ్వు వినగానే పెదవులు సాగి, కనుబొమలు పైకి లేచి, మల్లేశు ముఖం దానంతటదే వచ్చి కూర్చుంది. కొడుకు చచ్చిన తండ్రి పళ్లికిలిస్తున్నాడు. అతను అరచేత్తో నోరు మూసుకున్నాడు.

తన తమ్ముడు వ్యవసాయ బావిలో పడి చనిపోయిన రోజు, అయ్య గడపలో కూలబడి అన్న మాట ఇదే. పోరడు సచ్చిపోయిండని. ఊళ్లో ఒక్కరూ నవ్వలేదు.

“అయ్యో, ఏమనుకోకయ్యా,” మాస్టారు లేచి వచ్చారు. ఆయన ముఖం పాలిపోయింది. “ఎలా వచ్చేసిందో నవ్వు... నాకే తెలీలేదు. అలవాటయిపోయిందయ్యా.”

“నేను ఏడ్సిన సార్,” అన్నాడు సీతారాములు. “నిజంగనే ఏడ్సిన.”

“తెలుసయ్యా.”

“ఎరకైతే నవ్వుతరా?”

 విజయదుర్గ చెంగు దించి, “అన్నయ్యగారూ, మన్నించండి,” అంది. కళ్లలో నీళ్లు నవ్వు వల్లనో ఇంకెందుకో ఆమెకే తెలిసినట్టు లేదు.

“పోనీ, రాసిందే చెప్పు,” మాస్టారు బతిమాలుతున్నట్టు అన్నారు. “నా బిడ్డ అను. ఎవరూ నవ్వరు.”

“బిడ్డంటే మాకు ఆడివిల్ల సార్. నాకు బిడ్డ ఉన్నది. ఇంట్ల సల్లగున్నది.”

“మరెలా? వేషం మురళికి ఇమ్మంటావా?”

సీతారాములు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. హాల్లో అందరి వంకా ఒక్కొక్కరినే చూశాడు.

“తండ్రి ఏషం నేనే ఏస్తా సార్. ఆదివారం పోరడనే అంట.”