పొద్దు గూకాక లాగిన రథం

మా పొరుగింటి మావయ్య గుర్రం శుక్రవారం తెల్లారేసరికి చనిపోయింది. మర్నాడు గుడి ముందున్న నల్లబోర్డు మీద ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో "మన గుర్రం రాముడిలో కలిసిపోయింది" అని సుద్దముక్కతో రాసి, పక్కన ఒక పువ్వు కూడా గీశారు. ఆస్పత్రికి వెళ్తున్నదాన్ని కారు ఆపి దిగి, చీర చెంగుతో ఆ రాతంతా తుడిచేశాను. అది రాముడిలో కలవలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ముక్కుల్లోంచి నురగ కారుతూ కూలిపోయింది. చంపింది మేము. చదివేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, ఇంకెవరైనా తియ్యటి మాటలు చెబితే నమ్మకండి.

దాని పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిచింది మావయ్య ఒక్కడే, అది అతనికే ఉండాలి.

మావయ్య నాకు వరసకేమీ కాడు. నేను గుంటూరు నుంచి ఈ దక్షిణాఫ్రికాకి ఉద్యోగానికి వచ్చి రెండేళ్ళయింది. అతని తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు నరకడానికి వచ్చాడట. ఇక్కడి ఒట్టావా అనే ఊళ్ళో నేను అద్దెకు దిగిన రోజున గోడ మీంచి ఒక కట్ట మెంతికూర అందించి, "నువ్వు మా దేశం పిల్ల" అన్నాడు. ఆ కూర వెనకే గుర్రం తల కూడా వచ్చింది. నా తెల్లకోటు జేబులో బిస్కెట్లుంటాయని దానికి రెండో రోజుకే తెలిసిపోయింది.

ఇరవయ్యేళ్ళ గుర్రం. అవోకా, గ్రీన్‌వుడ్ పార్క్ పేటల దాకా కూరగాయల బండి లాగేది. ఎవరింటి ముందు ఆగాలో దానికే తెలుసు, కళ్ళెం లాగక్కర్లేదు. ఒకింటి ముసలమ్మ పోయి ఏడాదైనా అక్కడ ఆగడం మానలేదు. మావయ్య తొందరపెట్టేవాడు కాదు. "నిలబడనీ. ఆయమ్మ రోజూ కేరట్ ఇచ్చింది" అని తనూ ఒక చుట్ట వెలిగించుకునేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. ఎండాకాలం చివర్లో వానలు పడ్డాక, మొదటి చలి దిగేదాకా, పొద్దు వాలకముందే గుర్రం రేకుల కొట్టంలోకి వెళ్ళిపోవాలి. పిడకల పొగ వేసి, తలుపు సందులకి గోనెపట్టాలు కుక్కేవాడు. దోమకన్నా చిన్న పురుగు ఒకటి ఆ వేళకి గాల్లోకి లేస్తుంది, అది కుడితే గుర్రాలకి జబ్బు. ఏటా టీకా వేయించేవాడు గానీ దాన్నే నమ్ముకుని కూర్చునేవాడు కాదు. "సూది సగం, తలుపు సగం డాక్టరమ్మా" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

ఇక్కడ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చే శ్రీరామనవమికి రథం లాగేది కూడా ఆ గుర్రమే. కల్యాణం కాగానే బయల్దేరి, ఎండ ఉండగానే తిరిగొచ్చేసేది. ఈ ఏడు మునిసిపాలిటీ ఓట్లు దగ్గరపడ్డాయి. ఓట్లకి నిలబడ్డ ఒక పెద్దమనిషి వస్తానన్నాడు, సాయంత్రమైతేనే కుదురుతుందన్నాడు. గుడి కమిటీ కూర్చుంది. చైర్మన్ లేచి, "ఇప్పుడు మన కంట్రీలో అంతా ఓటే కదా. సాయంత్రం అన్నోళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు.

"గుర్రాన్ని అడిగినారా?" అన్నాడు మావయ్య.

అందరూ గొల్లుమన్నారు. చైర్మన్ నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, నువ్వు ఇండియాలో చదూకున్నావ్, నువ్వు సెప్పు. వన్ ఈవినింగ్. దానికేటవుద్ది?"

గుర్రం నాడి ఎక్కడ చూడాలో కూడా తెలియని దాన్ని. తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. తగుదునమ్మా అని, "ఒక్క సాయంత్రానికి ఏమీ కాదులెండి" అన్నాను. గుంపులో గోవిందా అని చెయ్యి కూడా ఎత్తాను. మావయ్య నన్నొకసారి చూసి కూర్చున్నాడు. డాక్టరు చెప్పింది కదా మరి.

పెద్దమనిషి గంట ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు రథం పక్కన మైకు పట్టుకుని స్వేచ్ఛ గురించి ఉపన్యాసం దంచాడు. ట్యూబులైట్ల కింద పురుగులు ముసురుతుంటే, మావయ్య తువ్వాలుతో గుర్రం పొట్టకీ కాళ్ళకీ విసురుతూనే ఉన్నాడు. నేను పులిహోర తింటూ చూశాను. ఆ తిండి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వారం తిరిగేసరికి దానికి ఒళ్ళు కాలింది. మేత మాత్రం తింటూనే ఉంది. ముసలి గుర్రాలకి కళ్ళ పైన లోతుగా గుంటలుంటాయి, దానికీ ఉండేవి. గురువారం పొద్దున్న చూస్తే ఆ గుంటలు పూడి, ముఖం నున్నగా అయింది. చైర్మన్ చూడ్డానికొచ్చి, ఇక్కడివాళ్ళ మాటలో "హాయిబో!" అని ఆశ్చర్యపోయి, "వయసు తగ్గిపోయింది. రాముడి దయ" అన్నాడు. నేనూ వంత పాడాను, ముఖం నిండుగా ఉందని. అది వాపు. రోజూ వార్డులో రోగుల కాళ్ళు నొక్కి వాపు చూసే మనిషిని నేను! మధ్యాహ్నం వచ్చిన పశువుల డాక్టరు అక్కడ వేలు పెట్టాడు, ఆ పురుగు జబ్బే, రాత్రి గడవడం కష్టమన్నాడు.

శుక్రవారం కమిటీవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి, "పుణ్యం చేసుకుంది, దేవుడి పనిలో పోయింది" అన్నారు. ఒక బంతిపూల మాల కూడా తెచ్చారు. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. "మీ రథానికే ఏసుకోండి" అన్నాడు.

ఓటంటే అతనికి కోపమని అనుకోకండి. ఈ దేశంలో అందరికీ ఓటొచ్చిన మొట్టమొదటిసారి తెల్లారకముందే వరసలో నిలబడి, సాయంత్రం దాకా కదలని మనిషి. "ఆ ఓటు మన బతుక్కి. దీని బతుకు మీద మనకి ఓటేటి?" అన్నాడు నాతో. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే.

చెరకు తోట అంచున గొయ్యి తవ్వించారు. ట్రాక్టరు మీంచి దించాక, మావయ్య దాని తల పక్కన కూర్చుని నన్ను పిలిచాడు.

"ఇక్కడ చెయ్యెయ్ డాక్టరమ్మా."

కంటి పైన వేశాను.

"నొక్కు."

నొక్కాను. నా బొటనవేలు మేర లోపలికి దిగింది. చెయ్యి తీశాక ఆ సొట్ట మళ్ళీ పైకి లేవలేదు. ట్రాక్టరు మట్టి తోసేదాకా అలాగే ఉంది.