పిట్యూటరీ బాగానే ఉంది

జగ్గయ్యపేట నుంచి నందిగామకు రోజూ బస్సులో వెళ్లి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పడం ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. నలభై ఎనిమిదో ఏట అది నా వల్ల కాకుండా పోయింది. రెండో పీరియడ్‌కే కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. సాయంత్రం బస్సు దిగాక ఇల్లు పది నిమిషాల దూరం. మధ్యలో పండ్ల బండి దగ్గర ఆగి, ఏమీ కొనకుండా, ఊపిరి తీసుకుని మళ్లీ నడిచేదాన్ని. నడుం చుట్టూ కొవ్వు పెరిగింది. కాళ్లలో, చేతుల్లో మాత్రం సత్తువ లేదు.

"ఒంటికి పని లేని ఉద్యోగం కదా. పొద్దున్నే లేచి నడువు, అన్నీ సర్దుకుంటాయి," అనేవారు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన. కోపంగా అన్న మాట కాదది. నేనూ నాకు అదే చెప్పుకునేదాన్ని. లేవలేకపోయేదాన్ని.

థైరాయిడ్ పరీక్షలో ఏమీ తేలలేదు. చివరికి విజయవాడలో హార్మోన్ల డాక్టరమ్మకు చూపించుకున్నాను. "కాన్పప్పుడు రక్తం బాగా పోయిందా?" అని అడిగారామె. పోయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు నాలుగు బాటిళ్లు ఎక్కించారు. అలాంటప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినే అవకాశం ఉందని, అది గ్రోత్ హార్మోన్ ఎంత వదులుతోందో చూద్దామని అన్నారు. ఎదిగే పిల్లలకే కాదు, పెద్దవాళ్ల కండకూ ఓపికకూ అది కావాలట.

పరగడుపున ఒక ఇంజక్షన్ ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీశారు. సగంలో వాంతి చేసుకున్నాను. మా ఆయన బేసిన్ పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ ఊళ్లో లేరు. ఆమె దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు కాగితం చూసి, "గ్రోత్ హార్మోన్ తక్కువే వచ్చిందండీ. రోజూ ఇంజక్షన్ చేసుకోవాల్సి రావచ్చు. మేడమ్ వచ్చాక చెప్తారు," అన్నాడు.

నాకు భయం వేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, హాయిగా అనిపించింది. ఇన్నాళ్లూ నాది బద్ధకం కాదన్నమాట. ఆ సాయంత్రం నుంచి మా ఆయన మారిపోయారు. ఆకుకూర తుంచేవారు, బియ్యం కడిగి పెట్టేవారు. నేను లేవబోతే, "నువ్వు పడుకో, నే చూసుకుంటా," అనేవారు.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మను కలవడానికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయనకు డ్యూటీ ఉంది. ఈలోగా తీయించిన తల స్కాన్ చూశారామె, మిగతా హార్మోన్ల రిపోర్టులన్నీ చూశారు.

"కాన్పు తర్వాత పాలు పడ్డాయా అమ్మా?"

"ఏడాదిన్నర ఇచ్చానండి."

"పిట్యూటరీ దెబ్బతింటే మొదట అవే ఆగిపోతాయి చాలామందికి. మీ పిట్యూటరీ బాగానే ఉంది. మీ బరువున్న వాళ్లకు ఈ పరీక్షలో అంకె ఇంతే వస్తుంది, వాళ్లకు లెక్క వేరు."

తర్వాత నిదానంగా వివరించారు. ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదట, అదీ ఒక గ్రంథిలాగే పనిచేస్తుందట. లెప్టిన్ అనే హార్మోన్‌తో మెదడుకు ఎప్పుడూ కబురు పంపుతూ ఉంటుంది. కొవ్వు మరీ పెరిగితే ఆ కబుర్లు ఎక్కువైపోయి మెదడు వాటిని లెక్కచేయడం మానేస్తుంది. కొవ్వులోంచి రక్తంలోకి చేరే ఆమ్లాలేమో గ్రోత్ హార్మోన్‌ను అణిచిపెడతాయి. అది తగ్గితే నడుం దగ్గర కొవ్వు ఇంకా పేరుకుంటుంది. "బరువు తగ్గితే చాలామందికి మళ్లీ వస్తుందమ్మా. ఇంజక్షన్లు వద్దు," అన్నారు.

మంచి వార్తే. కానీ తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. మళ్లీ నడవమనే కదా చెప్పారు.

మా ఆయనకు పది రోజులు చెప్పలేదు. "ఇంకా చూస్తున్నారు," అని దాటేశాను. ఆయన బియ్యం కడుగుతుంటే చూడలేక పదకొండో రోజు చెప్పేశాను. గ్రంథికి ఏ జబ్బూ లేదని, అంతా కొవ్వు వల్లేనని, తెలిసీ దాచానని.

ఆయన గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నారు.

"జబ్బు లేదంటే అలసట లేదనా?"

నేను రిపోర్టుల కవరు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"బేసిన్ పట్టుకున్నది నేనే కదా. నీ మొహం చూశా. నడవమని ఊరికే అనేసేవాణ్ణి ఇన్నాళ్లూ," అన్నారు.

ఆ ఏడాది క్లాసులో పిట్యూటరీ పాఠం వచ్చినప్పుడు, అన్ని గ్రంథులకూ అది యజమాని అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పి, అక్కడితో ఆగలేకపోయాను. అది ఆజ్ఞలివ్వడమే కాదు, కడుపు మీది కొవ్వు చెప్పేది కూడా వింటుందని చెప్పాను. "పరీక్షలో వస్తుందా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. రాదన్నాను. పెన్ను మూసేసింది.

ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. ఆ పరీక్ష మళ్లీ చేయించుకోలేదు, డాక్టరమ్మ అక్కర్లేదన్నారు. ఓపిక కొంత వచ్చింది, అంతా రాలేదు. పొద్దున్నే మా ఆయనా నేనూ స్కూలు గ్రౌండులో నడుస్తాం. మూడో రౌండుకు ముందు ఆయనే, కాసేపు కూర్చుందామంటారు.